అమ్ములు పేనిన తాడు

శనివారం మధ్యాహ్నానికి కాసులమ్మ ఆఖరి తాడు కూడా విప్పేసింది. రెండు పాయల్నీ విడదీసి, అరచేతుల మధ్య వెనక్కి దొర్లించి పురి వదలగొట్టి, గోళ్ళతో పీచు పీచుగా లాగి, పక్కనున్న గోనెసంచిలో కుక్కింది. తాడు కొసన దారంతో కట్టిన అట్టముక్కని తెంపి చెత్తబుట్టలో పడేసింది. దానిమీద ఏదో పేరు రాసి ఉంది. ఏ పేరో ఆమెకి తెలియదు, చదువు రాదు. వచ్చినా చదివేది కాదేమో. వారం వారం అలాంటివి బుట్టెడు పోతూనే ఉంటాయి.

ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల వెనక, గంగ ఒడ్డున ఉన్న ఆ పాత కట్టడాన్ని అందరూ ఘాట్ జైలంటారు. దొరల కాలంలో అండమానుకి పంపే ఖైదీలను ఓడ వచ్చేదాకా అందులో ఉంచేవారట. ఇప్పుడది మ్యూజియం. గోడలకి కొత్తగా రంగేశారు, పచ్చిక పెంచారు, టీ దుకాణం పెట్టారు. ఆదివారం కుటుంబాల రోజు. తల్లులూ తండ్రులూ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, చారల చొక్కాలు తొడుక్కుని, మెడలో ఖైదీ నంబరు చెక్కబిళ్ళ వేసుకుని, ఖైదీలు రోజుల తరబడి చేసిన పనుల్ని ఓ గంటసేపు సరదాగా చేసి వెళతారు. గానుగ తిప్పుతారు, కొబ్బరి డొక్కలు దంచుతారు, తాడు పేనుతారు. తాడు బల్ల దగ్గరే జనం ఎక్కువ. పిల్లలు పేనిన తాళ్ళన్నిటినీ మళ్ళీ పీచు చేస్తేనే వచ్చే ఆదివారం పిల్లలకి పేనడానికి ఏదైనా ఉంటుంది. ఆ చేసే మనిషి కాసులమ్మ.

ఆమెని కాంట్రాక్టరు పెట్టుకున్నది ఊడ్చడానికి. ఇంట్లోవాళ్ళకి తెలిసిందీ అదే. ఊడ్చడం అయ్యాక ఎలాగూ కూర్చునే ఉంటుంది కదా అని ఎవరో ఈ పని అప్పగించారు. ఎవరో ఆమెకి గుర్తు కూడా లేదు. వచ్చేపోయేవాళ్ళ కంటపడకుండా ఉంటుందని వరస చివరి సెల్లు చూపించారు. వంగి దూరాల్సిన గుమ్మం, ఇనప చువ్వల తలుపు, అందనంత ఎత్తులో ఓ చిన్న కిటికీ. వేసవిలో చల్లగా ఉంటుందిలే అని ఆమె సంబరపడింది కూడా. మనిషి దేనికైనా సంబరపడగలదు మరి.

"అయిపోయిందా మాసీ?" అంటూ మౌసుమి తలుపు దగ్గరికొచ్చి, చెయ్యి చాపి సంచి ఎత్తి చూసింది. ఆదివారం కార్యక్రమాలన్నీ ఈ బెంగాలీ అమ్మాయి చేతిమీదుగానే నడుస్తాయి. కాసులమ్మని నోరారా మాసీ, అంటే పిన్నీ, అని పిలుస్తుంది, దుర్గాపూజకి చీర పెడుతుంది. చెడ్డదని అనడానికి ఎవరికీ నోరు రాదు. "నీ చేతులు బంగారం. రేపు మీ ఇంటివాళ్ళని కూడా తీసుకురా, పాసు ఇప్పిస్తాను. మనవరాలిని చూపిస్తానని ఎన్నాళ్ళనుంచో అంటున్నావు."

కాసులమ్మ పాసుని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. ఏక్‌బాల్‌పూర్ సందులో ఇంటి గుమ్మం దాకా దాన్ని తడుముకుంటూనే నడిచింది.

*

ఆదివారం కొడుకు ఢిల్లీశ్వరరావుకి డాకులో డ్యూటీ పడింది. కోడలు అరుణకుమారి, మనవరాలు అమ్ములు, పెనిమిటి గోవిందరాజు వచ్చారు. గోవిందరాజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఓడల్ని రేవుకి కట్టే పనిలో జీవితమంతా గడిపినవాడు. ఓ రోజు జారిన మోకు ఎడమచేతివి రెండు వేళ్ళు పట్టుకుపోయింది. ఆ చెయ్యి జేబులోంచి తీయకుండానే జైలంతా తిరిగాడు.

కాసులమ్మ వాళ్ళతో తిరగలేదు. ఆదివారం ఆమెకి ఊపిరి సలపదు. చిందిన టీ తుడవాలి, దంచిన డొక్కలు ఎత్తాలి, బల్లల దగ్గరికి నీళ్ళు మోయాలి. అయినా కళ్ళు మాత్రం అమ్ములు వెనకే తిరిగాయి. మూడో తరగతి చదివే పిల్లకి చారల చొక్కా మోకాళ్ళ దాకా వచ్చింది. చెక్కబిళ్ళని పళ్ళతో కొరికి చూసింది. గానుగ దగ్గర రెండు చుట్లకే అలిసిపోయి నవ్వింది.

తాడు బల్ల దగ్గర కాలేజీ కుర్రవాడొకడు పిల్లల్ని చుట్టూ నిలబెట్టుకుని చెబుతున్నాడు. "ఇక్కడికొచ్చాక మళ్ళీ తప్పు చేసినవాళ్ళకి ఇంకో శిక్ష ఉండేది. ఒంటరిగా సెల్లులో కూర్చోబెట్టి, పాత ఓడతాళ్ళు గుట్టగా పోసి, గోళ్ళతో విప్పమనేవారు. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పని. వేళ్ళు చిట్లి నెత్తురొచ్చినా ఆపకూడదు." పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఒక తండ్రి తన కొడుకు నెత్తిమీద మొట్టి, "చదవకపోతే నిన్నూ ఇక్కడ అప్పగించేస్తాను" అంటే అందరూ నవ్వారు. ఆ మాటలు కాసులమ్మ చెవిన పడ్డాయి. ప్రతి ఆదివారం పడుతూనే ఉంటాయి. ఆమె బిందె ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుని సాగిపోయింది.

తాడు పేనాలంటే ముగ్గురు కావాలి. రెండు పాయలకి ఇద్దరు పురి పెడుతుంటే మూడో మనిషి కొస గట్టిగా పట్టుకోవాలి. అమ్ములు ఒక పాయ తీసుకుంది, అరుణకుమారి ఒకటి. కొస పట్టుకోవడానికి గోవిందరాజు జేబులోంచి చెయ్యి తీశాడు. ఉన్న మూడు వేళ్ళతో బిగించి, "మరీ బిగీకు, మరీ ఒదిలీకు. సమంగా రావాల" అన్నాడు. పిల్ల నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి పురి పెట్టింది. మధ్యలో ఒకచోట పీచు ఎక్కువై బొడిపె కట్టింది. అయినా తాడు తాడే. చివరన ముడి వేసేసరికి పిల్ల చెంపలు ఎర్రబడ్డాయి.

మౌసుమి అట్టముక్క మీద పేరు రాయించి, తాడుకి కట్టింది. "దీన్ని ఇక్కడే, జైల్లోనే దాచి ఉంచుతాం. ఎప్పుడొచ్చినా చూసుకోవచ్చు" అంది. అందరు పిల్లలకీ చెప్పే మాటే.

"శుక్రవారం మా క్లాసంతా వస్తుంది! మా టీచరు తీసుకొస్తుంది. అప్పుడు చూపిస్తాను" అని ఆ ముక్క బెంగాలీలో అరిచినంత పని చేసింది అమ్ములు. తరవాత కాసులమ్మ కొంగు పట్టుకుని తెలుగులోకి దిగింది. "నాన్నమ్మా, నువ్వు ఇక్కడే ఉంటావు గదా. నా తాడు సూసుకో. ఎవులూ తీసీకుండా."

"నా సేతిలోనే ఉంటాది, ఎక్కడికి పోద్ది" అంది కాసులమ్మ. అన్నాక గానీ ఆ చేతులు వారం వారం ఏం చేస్తాయో గుర్తురాలేదు.

టీ దుకాణం దగ్గర గోవిందరాజు ఆగలేకపోయాడు. "ఓలె, గుంట సేతి మొదటి తాడే అది. మనింట్లో మొదటి తాడు ఇప్పరు, తెలుసు గదా. నాది మా అయ్య తెప్పకి కట్టీసినాడు. నీ కొడుకుది మన నీళ్ల డ్రమ్ముకి ఇప్పటికీ ఉంది. దీనిది చూడు, ఏకంగా మూజియంలో ఉంటాది!" అని మనవరాలి వీపు తట్టాడు. "ఇప్పితే ఆ సేతి పని నిలవదు అనీది మా అమ్మ."

"తెలుసు లెండి, ఎన్నిసార్లు సెప్తారు" అని కాసులమ్మ ఎంగిలి కప్పులు ఏరడానికి వెళ్ళిపోయింది.

*

సోమవారం మ్యూజియానికి సెలవు. సెల్లులో తాళ్ళ గుట్ట మోకాలెత్తున ఉంది. కాసులమ్మ చాప పరుచుకుని కూర్చుని, ముందు దాన్నే వెతికింది. అట్టముక్క చూసి కాదు, మధ్యలో బొడిపెని చూసి పట్టుకుంది. గోడకి పాతకాలం మేకొకటి ఉంటే దానికి తగిలించింది. అది దొరికిందన్న నిశ్చింతతో మిగతావాటి మీద పడింది.

మొదటి తాడు విప్పింది. రెండోది తీసుకుంది. ఆ రెండోది తిరగేసి పేనినది, పురి ఎడమకి ఉంది. ఎవరో ఎడంచేతి వాటం పిల్ల అయి ఉంటుంది. ఇంకోదాంట్లో సీతాకోకచిలుక బొమ్మ ఉన్న జడపిన్ను ఇరుక్కుని ఉంది. మరోటి పొట్టిది, జానెడు కూడా లేదు. కానీ దానికి ముడి మీద ముడి, ముడి మీద ముడి వేసి ఉంది. ఇన్నాళ్ళూ ఇలాంటివి ఎన్ని విప్పలేదు! ముడులు ఎక్కువుంటే విసుక్కునేది కూడా. ఇవాళ ఆ ముడుల మీద వేలు ఆగిపోయింది. ఊడిపోతుందేమో, పోతుందేమో అని ఎంత భయపడి వేశాడో ఆ బుజ్జిగాడు అనుకుంది.

ఇవన్నీ కూడా ఎవరో ఒకరి చేతి మొదటి తాళ్ళే కదా. ఈ సంగతి ఇన్ని వారాలుగా ఆమె తలలోకి ఎందుకు రాలేదు? తన పిల్లవి కావు గనక. అంతే. ఇంకో జవాబు ఎంత వెతికినా దొరకలేదు. దొరకనందుకు కాసులమ్మకి సిగ్గేసింది.

మంగళవారం, బుధవారం పని సాగలేదు. తాడు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మళ్ళీ తప్పదన్నట్టు విప్పేది. విప్పినప్పుడల్లా మేకున ఉన్న తాడు వైపు దొంగచూపు చూసేది. తన మనవరాలిదొక్కటీ గోడెక్కింది, లోకంలో మిగతా పిల్లలవన్నీ గోనెసంచికి. ఇదెక్కడి న్యాయం అని ఆమెని అడిగినవాళ్ళు లేరు. అడిగేవాళ్ళు లేకపోవడమే ఇంకా బాధగా ఉంది.

గురువారం మౌసుమి వచ్చి సంచి చూసి ముఖం చిట్లించింది. "ఏమిటిది మాసీ, సగం కూడా కాలేదు? ఒంట్లో బాలేదా? ఈ ఆదివారం మామూలుకంటే రెట్టింపు మంది వస్తారు." అప్పుడు మేకు మీద ఆమె దృష్టి పడింది. "అదేమిటి?"

"మా అమ్ములుది. రేపు వాళ్ళ క్లాసు వస్తుంది దీదీ. చూపించుకుంటుంది" అంది కాసులమ్మ. ఆమె బెంగాలీకి సిక్కోలు యాస తగిలేది, కానీ మాట తడబడేది కాదు. ఇవాళ తడబడింది.

మౌసుమి నవ్వింది. "ఒక్కటి ఉంచితే అన్నీ ఉంచాలి. అన్నీ పెట్టడానికి చోటేదీ? కొత్త పీచు తెప్పించమంటే పైవాళ్ళు వినరు. విప్పెయ్. క్లాసు పిల్లలు ఇటువైపు రారులే."

"మరి దాచిపెడతామని పిల్లలకి ఎందుకు చెప్పడం?"

"వినడానికి వాళ్ళకి బాగుంటుంది మాసీ. ఎవరు తిరిగొచ్చి అడుగుతారు?" ఆమె గొంతులో కోపం లేదు. వెనుదిరుగుతూ ఒక మాట వదిలింది. "కాంట్రాక్టు మళ్ళీ రాయబోతున్నారు. ఈ నెల పని వెనకబడకుండా చూసుకో. నిన్ను తీసేస్తామంటే, నేనొక్కదాన్ని చెబితే ఆగే వ్యవహారం కాదు."

ఇంటికెళితే గోవిందరాజు మళ్ళీ అదే కథ. "ఎక్కడ తగిలించినారే? ఎత్తుగా కనబడీలా ఉందా? అద్దం లోపల పెట్టినారేటి?"

"గోడకుంది. మేకుకుంది. పొద్దస్తమానం తాడు, తాడు! మీకింకో దందా నేదా?" అని కసిరింది. ఆయన బిత్తరపోయాడు. అరుణకుమారి పొయ్యి దగ్గరనుంచి తొంగి చూసి, అత్తకి ఏమైందో అర్థంకాక ఊరుకుంది. అమ్ములు మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా రేపటికి బూట్లు తుడుచుకుంటోంది.

*

శుక్రవారం పొద్దున్నే ఊడ్చేసి కాసులమ్మ సెల్లులోకొచ్చింది. మేకున ఉన్న తాడుని కిందికి దించింది. దించుతూ తనకి తనే సర్దిచెప్పుకుంది. క్లాసు పిల్లలు ఇటు రారు. పిల్ల అడిగితే తాళం వేసిన గదిలో ఉందని చెప్పొచ్చు. కాంట్రాక్టు పోతే డ్రమ్ములో నీళ్ళే తాగి బతకాలి. అందరి తాళ్ళూ విప్పిన చేతికి ఇదొక్కటి లెక్కా?

అట్టముక్క తెంపి ఒళ్ళో పెట్టుకుంది. కొసనున్న ముడి ఊడదీసింది. ముడి ఊడగానే పాయలు వాటంతటవే కొద్దిగా విచ్చుకున్నాయి. ఆమె చేతులు అక్కడే ఆగిపోయాయి. వెనక్కి పెనవేయలేదు, ముందుకి విప్పలేదు. అలా ఎంతసేపు కూర్చుందో తెలియదు. బయట పచ్చిక మీద పిల్లల గోల, టీచరు కేకలు, గానుగ కిర్రుకిర్రు వినబడుతున్నాయి.

చువ్వల అవతల చిన్న బూట్ల చప్పుడయింది.

అమ్ములు వరసలోంచి తప్పించుకుని, తన తాడుని వెతుక్కుంటూ ఒక్కొక్క సెల్లులోకీ తొంగి చూస్తూ వచ్చింది. ఆఖరి సెల్లు దగ్గర రెండు చువ్వలు పట్టుకుని నిలబడిపోయింది. లోపల నేల మీద నాన్నమ్మ. చుట్టూ తాళ్ళ గుట్ట. చీర నిండా, జుట్టు నిండా పీచు. చప్పున ఏదో కొంగు కింద దాచిన చేతులు.

పిల్ల ముఖం మారిపోయింది.

"నాన్నమ్మా" అంది మెల్లిగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు. "నువ్వు ఏటి తప్పు సేసినావు?"

కాసులమ్మకి ముందు అర్థం కాలేదు. తరవాత బల్ల దగ్గర ఆ కాలేజీ కుర్రవాడు చెప్పే మాటలు, ఆదివారం ఆదివారం చెవిన పడి జారిపోయినవన్నీ, ఒక్కసారిగా తిరిగొచ్చాయి. ఒంటరి సెల్లు. పాత తాళ్ళ గుట్ట. గోళ్ళతో విప్పడం. ఆమె తన చేతుల వైపు చూసుకుంది. వేళ్ళ కొసలు బీటలువారి ఉన్నాయి. ఆ వేళ్ళని అలా చూసుకోవడం ఆమెకి అదే మొదలు.

తప్పిపోయిన పిల్లని వెతుక్కుంటూ మౌసుమి వచ్చేసింది. వెనకే టీచరు, ఆ వెనక పిల్లల వరస. "ఇక్కడున్నావా! హడలగొట్టావు కదా. మాసీ, ఏమంటోంది మీ పిల్ల?"

అమ్ములే బెంగాలీలో అడిగింది. "మా నాన్నమ్మ ఏం తప్పు చేసిందని అడుగుతున్నాను ఆంటీ."

"తప్పేమిటి సోనా!" మౌసుమి నవ్వబోయింది. "ఇది శిక్ష కాదు. మీ నాన్నమ్మ ఇక్కడ పని చేస్తుంది. ఇది పని."

"ఆ ఖైదీలు చేసింది కూడా ఇదే పని అని మీవాళ్ళే చెప్పారు కదా."

టీచరు గోడ వైపు చూసింది. పిల్లలంతా చువ్వలకి ముఖాలు ఆనించి, ఇందాక గానుగని చూసినట్టే, లోపలి ముసలమ్మని కళ్ళు విప్పార్చుకుని చూస్తున్నారు. కాసులమ్మకి ఇల్లు, కాంట్రాక్టు, గోవిందరాజు మూడు వేళ్ళ చెయ్యి అన్నీ కళ్ళముందు తిరిగాయి. అబద్ధమాడటం చాలా తేలిక. తాళం వేసిన గది అనే మాట నాలుక చివరే ఉంది.

కొంగు కింద నుంచి తాడు తీసి మోకాళ్ళ మీద పెట్టుకుంది.

"సేసినానమ్మా" అంది. "తప్పే సేసినాను. గుంటలు పేనిన తాళ్ళన్నీ వారం వారం ఇప్పీసినాను. అన్నీ ఎవులో ఒకరి మొదటి తాళ్ళే. ఇదుగో, నీదీ ఇప్పబోయినాను."

అమ్ములు తలుపు తోసుకుని లోపలికొచ్చింది. బొడిపె గుర్తుపట్టింది. విచ్చుకున్న కొసని చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఏడవలేదు. "తాతకి తెలుసా?"

"తెలవదు."

పిల్ల ముక్కు ఎగబీల్చుకుని, చాప మీద చతికిలపడి, గుట్టలోంచి ఒక తాడు లాగి దాని అట్టముక్క చదివింది. "తియాషా." ఇంకోటి. "రెహాన్." ఇంకోటి. "ఒర్ణొబ్." అది ముడి మీద ముడి వేసిన పొట్టి తాడు. చువ్వల అవతల ఎవరో పిల్లవాడు, "రెహాన్ మా అన్నయ్య! అది మా అన్నయ్యది!" అని ఎగిరాడు. కాసులమ్మ ఆ పేర్లు వినడం అదే మొదటిసారి. కొంగుతో ముఖం తుడుచుకుని లేచి నిలబడింది.

"దీదీ" అంది బెంగాలీలో. ఇప్పుడు మాట తడబడలేదు. "ఊడుస్తాను, నీళ్ళు మోస్తాను, నువ్వు చెప్పినవన్నీ చేస్తాను. తాడు మాత్రం ఇక విప్పను. కాంట్రాక్టు సంగతి మీ ఇష్టం."

టీచరు అలవాటుగా ఫోటోకి ఫోను పైకెత్తి, ఏం తోచిందో, మళ్ళీ కిందికి దించేసింది.

అమ్ములుకి వీటితో పనిలేదు. తన తాడు విచ్చుకున్న రెండు పాయల్లో ఒకటి తను తీసుకుని, రెండోది నాన్నమ్మ చేతికిచ్చింది. పురి పెట్టడానికి ఇద్దరున్నారు, కొస పట్టుకునేవాళ్ళు లేరు. పిల్ల అటూ ఇటూ చూసి, ఆ కొసని గుమ్మంలో నిలబడ్డ మౌసుమి వైపు చాచింది.

"మూడో మనిషి కావాలి ఆంటీ."

మౌసుమి తలవంచి గుమ్మం దాటింది. సెల్లులోకి ఆమె రావడం అదే మొదలు. ఎప్పుడూ తలుపు దగ్గరే నిలబడి సంచి చూసి వెళ్ళిపోయేది. లోపల ఇంత ఇరుకని తెలియనట్టు గోడల్నీ, కిటికీనీ, నేల మీద చాపనీ చూసింది. చుడీదారు సర్దుకుని పీచు మధ్యలోనే కూర్చుని కొస అందుకుంది.

అమ్ములు నాలుక బయటపెట్టి పురి మొదలుపెట్టింది. కాసులమ్మ రెండో పాయ తిప్పుతూ మౌసుమి వేళ్ళ వైపు చూసింది. ఆ అమ్మాయి కొసని సుతారంగా, రెండు వేళ్ళతో, అంటీ అంటనట్టు పట్టుకుంది.

"అలా కాదు దీదీ. గట్టిగా పట్టుకో. నువ్వు వదిలేస్తే మొత్తం విచ్చుకుపోతుంది."